ఆమెన్ అనకముందే

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోటి సంగతి తెలిసినోళ్లు మాత్రం ఊరు మారుడే మంచిదంటరు. గా నోటితోని నేను చేసుకున్న ఆగం ఒకటి చెప్త, ఇనుండ్రి. తొమ్మిదేండ్లయింది గాని, ఇప్పటికీ యాదికొస్తే ఒక్కదాన్నే నెత్తి కొట్టుకుంట.

గోదావరిఖనిల నాది యూనిఫారాలు కుట్టే దుకాణం. బడిపిల్లలయి, సెక్యూరిటీ గార్డులయి, దవాఖాన ఆయమ్మలయి, అన్నీ మా కాడనే కుడుతరు. ఒక్క మిషనుతోని మొదలుపెట్టి ఇరవై రెండు మిషన్లకు తెచ్చిన. గా ఏడాదే వర్తక సంఘపోళ్లు నన్ను ఉపాధ్యక్షురాలిని చేసిండ్రు. ఇగ నా కాలు భూమికి ఆనకపాయె.

గట్ల గాలిల తేలుతున్న దినాలల్ల సుగుణ టీచర్ దుకాణానికి వచ్చింది. ఐదో తరగతిల నాకు లెక్కలు చెప్పిన టీచర్. రిటైరైనంక ఒక క్రైస్తవ సేవాసంస్థకు అధ్యక్షురాలైంది. పక్షవాతమొచ్చినోళ్లకు, ప్రమాదంల కాళ్లు దెబ్బతిన్నోళ్లకు మళ్ల నడక నేర్పే కేంద్రం ఒకటి కిరాయింట్ల నడుపుతున్నరు. వాళ్ల బోర్డుల చేరమని అడిగింది.

"టీచర్, నేను చర్చిల అడుగు పెట్టిందే క్రిస్మస్ కేకు కోసం గదా," అన్న.

"మాకు భక్తులు మస్తుగున్నరు సరోజా. పని నడిపిచ్చేటోళ్లే లేరు," అన్నది.

గా ఒక్క మాటకు పాలు పొంగి పొయ్యిల పడ్డట్టు పొంగిన. మీటింగు ఇంకా వారం ఉండంగనే 'బోర్డు సభ్యురాలు' అని విజిటింగ్ కార్డులు కొట్టిచ్చిన. మా ఆయన బొగ్గుబాయిల పని చేస్తడు, తక్కువ మాట్లాడే మనిషి. డ్యూటీకి పోతపోత కార్డు చూసి, ఆడ మొదటి దినం చెవులు తెరువు, నోరు తెరవకు అని చెప్పి పోయిండు. పెండ్లాం ఎదుగుతుంటే ఓర్వడని నాకు మండింది.

మీటింగు మే నెలల, పగటాల మూడు గంటలకు. మే నెలంటే మా దిక్కు కాకులు గూడ నోరు తెరుచుకొని నీడకు కూసుంటయి. గంత ఎండల పట్టుచీర కట్టిన. తొవ్వల బొగ్గు లారీలు అడ్డం పడి పావుగంట ఆలస్యమైంది. ముందొచ్చిన చెవులకన్న వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు గదా. నేను వెనక వచ్చుడే కొమ్ములతోని వచ్చిన.

తలుపు నూకి చూస్తే ఏముంది? బల్ల చుట్టు ఆరుగురు. కరెంటు లేదు, ఫ్యాను తిరుగుతలేదు. ఆరుగురూ తలలు వంచి, కండ్లు మూసుకొని, కిక్కురుమనకుండ కూసున్నరు. టీచర్ గడ్డం రొమ్ముకు ఆనింది. బొగ్గుబాయిల పనోళ్ల మీద సర్దారుగ చేసి రిటైరైన దావీదు కాకకైతే నోరు గూడ సగం తెరుచుకున్నది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నడువలేనోళ్లు వీళ్లను నమ్ముకొని వస్తుంటే, వీళ్లు బువ్వ తిని కునుకు తీస్తున్నరా?

"ఏంది గిది? మీటింగా, పడకటిల్లా?" అన్న. "నా దుకాణంల కునికినోళ్లకు తెల్లారి మిషనుండది."

ఒక్కరు కదిలితే ఒట్టు. నాకింకా రేషం లేచింది. టైము విలువేంది, క్రమశిక్షణేంది, పదిమంది పైసలతోని నడిచే సంస్థ ఎట్లుండాలె, అన్నీ వర్తక సంఘంల చెప్పినదానికంటె గట్టిగ చెప్పిన. చేతిసంచితోని బల్ల మీద రెండుసార్లు కొట్టిన. ఆఖరుకు నర్సు మరియ ఒక్క కన్ను తెరిచి, పెదవుల మీద వేలు పెట్టింది. చూసిండ్రా అన్యాయం? పండుకున్నోళ్లు నన్ను నోరు మూసుకొమ్మంటున్నరు.

ఇట్ల కాదని దావీదు కాక భుజం పట్టి ఊపి, ఇంటికి పోయి పండుకొమ్మన్న. గాయన కండ్లు తెరవకనే నా చెయ్యి పట్టుకొని మెల్లగ పక్క కుర్చీల కూసోబెట్టిండు. గుంజుకుందామంటే అది ముప్పై ఏండ్లు బాయిల పని చేసిన చెయ్యాయె, ఊడి వస్తదా?

గప్పుడు టీచర్ తల ఎత్తకుండనే మాట్లాడింది.

"ప్రభువా, ఈ ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన మమ్ముల నెల దినాలల్ల ఖాళీ చెయ్యమన్నడు. మేం మెత్తనోళ్లం, గట్టిగ అడుగుడు మాకు రాదు. నోరున్న మనిషిని పంపుమని మొక్కినం. పంపినవు. ఆమె వచ్చినట్టు మాకందరికి ఇనబడ్డది. నీకు స్తోత్రం."

"ఆమెన్," అన్నరు అందరు. భయానికి నేను గూడ అన్న.

మా దిక్కు భూమి కిందంత బొగ్గుబాయిలే గదా, ఒక్కటన్న నా కుర్చీ కింద కుంగకపాయె అనుకున్న. మాఫ్ చెయ్యుండ్రి అని చేతులు జోడిస్తే, మాఫీ సంగతి తర్వాత, ముందుగాల ఇంటాయన కాడికి పో అన్నది టీచర్. ఆయనకు టైల్సు దుకాణం ఉన్నది, ఈ ఇంట్ల ఇంకోటి తెరుస్తడట. వీళ్లు రెండుసార్లు పోయి, చాయ్ తాగి, ఆయన మనుమని పరీక్షలకు ప్రార్థన చేసి వచ్చిండ్రట.

మరియ నన్ను పక్క అర్రలకు తీసుకపోయింది. ఆర్నెల్లు మంచంల ఉన్న రాజవ్వ ఇనుప కడ్డీలు పట్టుకొని నడక నేర్చుకుంటున్నది. నాలుగడుగులేసి, ఐదో అడుగుకు నా భుజం దొరకబట్టింది.

"కొత్త డాక్టరమ్మవా బిడ్డా?"

"కాదవ్వా. నోరున్నదాన్ని."

ఈ ఇల్లు పోతే ఈమె యాడ నడవాలె? గప్పుడొచ్చింది నాకు అసలు కోపం. అంతకుముందు వచ్చిందంత ఉత్త పొగ.

తెల్లారి టైల్సు దుకాణానికి పోయిన. సేటు మర్యాదస్తుడే. చాయ్ తెప్పిచ్చిండు, నేను ముట్టలె. తాగితే నేను గూడ దీవించి వస్తనేమో అని భయం. వ్యాపారం వ్యాపారమే గదమ్మా అన్నడు.

"నేనూ వ్యాపారం చేసేదాన్నే సేటూ," అన్న. "మీ టైల్సు ఆర్నెల్లు గోడకు ఆనిచ్చి పెట్టినా టైల్సే. మా రాజవ్వను మళ్ల ఆర్నెల్లు మంచంల పెడితే ఇగ లేవది."

గాడికి ఆపితే బాగుండు. ఆపలె. మధ్యాహ్నం దాక మాట్లాడిన. టైల్సు కొన వచ్చినోళ్లు టైల్సు కింద పెట్టి ఇన్నరు. సేటు చాయ్ మూడుసార్లు చల్లారింది.

నాలుగు దినాలకు ఆయన కాయిదం పంపిండు. మళ్ల మీటింగుల టీచర్ కండ్లద్దాలు పెట్టుకొని చదివింది. ఇంకో మూడేండ్లు ఇల్లు ఖాళీ చెయ్యనక్కర లేదు. కిరాయి గూడ పెంచడు. ఒక్కటే షరతు: సరోజమ్మను మళ్ల తన దుకాణానికి తోలియ్యొద్దు.

షరతును బోర్డు ఏకగ్రీవంగ ఒప్పుకున్నది. ఎత్తిన చేతులల్ల నాది గూడ ఉన్నది.

గా దినమే నా ఇరవై రెండు మిషన్ల మీద ఒట్టు పెట్టుకున్న. ఎవరన్న కండ్లు మూసుకొని కూసుంటే, 'ఆమెన్' అన్న ఇనబడాలె, గురకన్న ఇనబడాలె. గా రెండిట్ల ఒక్కటి తేలేదాక నోరు విప్ప.