గంట కొట్టిన గైడు

అమెరికాలో, రెడ్‌మండ్‌లో కాపురం పెట్టిన రెండో ఏడు. ఉద్యోగం చేసే వీల్లేని డిపెండెంట్ వీసా మీదున్న నాకు ఊళ్లోని లైబ్రరీయే కాలేజీ. శిల్పకళ మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివేశాను. అందుకే సియాటిల్‌లో ఒక మ్యూజియం పాత శిల్పాలకు జోడీగా ఈనాటి కళాకారుల పనులు ప్రదర్శిస్తోందని తెలియగానే, మా మూడు తెలుగు కుటుంబాలకూ నేనే గైడునయ్యాను.

గుమ్మంలోనే పాఠం మొదలుపెట్టాను. "ఇక్కడున్నది దేవుడు కాదు, శిల్పం. దండాలు పెట్టకండి. దేన్నీ టచ్ చేయకండి."

చివరి గదిలో పాతకాలపు రాతి వినాయకుడు, ఆయన ముందు ఈ కాలపు కళాకారిణి వేలాడదీసిన ఇత్తడి గంటలు. "ఆ తొండం తిరిగిన తీరు చూశారా?" అంటూనే చెయ్యెత్తి గంట కొట్టేశాను. మూడుసార్లు! పైగా కళ్లు మూసుకుని!

తెరిచేసరికి గార్డు పరుగెత్తుకొస్తున్నాడు.

"మేడమ్! ప్లీజ్ డోంట్ టచ్ ది ఆర్ట్!"

"ఆంటీ, యూ సెడ్ టచ్ చెయ్యొద్దు!" అని స్నేహితురాలి కూతురు గదంతా వినపడేలా అరిచింది.

అందరినీ బయటికి పంపేస్తారేమోనని గబుక్కున చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఇంతలో, అదే ఇక్కడి పద్ధతనుకుని ఒక అమెరికన్ పెద్దావిడ గంట కొట్టింది. ఆవిడ వెనక భర్త, ఆయన వెనక పెద్ద లైను! ఎవరిని ఆపాలో తెలియక గార్డు నావైపే తిరిగాడు.

"మేడమ్, మీరే చెప్పండి వాళ్లకి!" అన్నాడు ఇంగ్లిష్‌లో.

"ప్లీజ్ డోంట్ టచ్ ది ఆర్ట్!" అని నేనే కేకేశాను. మావాళ్లు నవ్వాపుకోలేక గోడలకు ఆనుకుపోయారు.

నా చదువంతా తలకే ఎక్కిందనీ, చేతిదాకా ఇంకా దిగలేదనీ ఆ రోజే తెలిసింది.