మళ్లీ కప్పిన గడ్డి

1998. మాదాపూర్‌లో నా మొక్కల నర్సరీకి రెండు పక్కలా బండలు పగలగొడుతుండేవారు. పొద్దున నీళ్లు పట్టిన ఆకుల మీద మధ్యాహ్నానికల్లా రాతిపొడి పేరుకునేది. కొత్తగా ఇళ్లు కట్టుకుని తోట కావాలని వచ్చేవాళ్లందరిదీ ఒకటే మొర, గడ్డపార దిగడం లేదని.

ప్రసాదరావు గారి పెరడూ అంతే. కాకినాడ వైపు మనిషి, సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయాక గది దాటి రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు నన్ను పిలిపించారు.

"ఆయన చేత్తో ఏదైనా పెంచేలా చూడండి. తవ్వడం గివ్వడం కుదరదు. బంగాళాదుంప వేపుడంటే ప్రాణమండి ఆయనకి."

తవ్వకుండా ఆలుగడ్డ! విన్నానే గానీ ఎన్నడూ వేసి చూడలేదు. అయినా బేరగాడి నోరు ఊరుకుంటుందా? "ఫికర్ చెయ్యకున్రి మేడం" అనేశాను.

దీపావళి దాటాక బండ మీదున్న పలచటి మట్టిపైనే పశువుల ఎరువు పరిచాం. మొలకలొచ్చిన విత్తన దుంపలను ఆయన స్టూలు మీద కూర్చుని కుడిచేత్తో పేర్చారు. పైన జానెడు మందాన వరిగడ్డి కప్పాం. దీన్ని మల్చింగ్ అంటాం. తడి ఆరదు, దుంపకు వెలుగు తగలదు. వెలుగు తగిలిన దుంప పచ్చబడి తినడానికి పనికిరాదు. మొక్క పెరిగేకొద్దీ ఆయనే గడ్డి ఎగదోసేవారు. పొద్దుటి కాఫీ కూడా మడి దగ్గరికే తెప్పించుకునేవారు.

చలి తగ్గే వేళకు ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదన్నాను, పోశారు. ఇంకా వాలిపోయాయి. నీళ్లెక్కువయ్యాయన్నాను, ఆపారు. వేపనూనె కొట్టించాను. కాడలు కూడా ఎండాయి. నాకు పిచ్చెక్కినంత పనైంది.

"ఏమైందయ్యా దీనికి?"

"సమజైతలేదు సార్."

"నీకే తెలీకపోతే నాకేం తెలుస్తుంది?" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు బయటికి రాలేదు. రాజ్యలక్ష్మి గారు నర్సరీకే వచ్చారు.

"రేపు ఆయన లేవకముందే అదంతా పీకేయండి. ఇదీ పోయిందని చూస్తూ కూర్చుంటే ఇంక గది దాటరండి." నాకు తల కొట్టేసినట్టయింది.

తెల్లారి వెళ్లి గడ్డి ఒక పిడికెడు లాగాను. కింద కోడిగుడ్డంత ఆలుగడ్డ. పక్కనే ఇంకొకటి, ఆ పక్కన రెండు. చచ్చిన మొక్క కింద ఇవెక్కడివి? అప్పుడు వెలిగింది. మొక్క చావలేదు, దుంపలు ఊరాక తనంతట తానే ఎండింది. పంట చేతికొచ్చింది. నేను అమ్మేది లేత మొక్కలు. ఆకు పచ్చగా ఉంటేనే నాకు బేరం. ఏ మొక్కనూ చివరిదాకా చూసినవాణ్ని కాను.

రాజ్యలక్ష్మి గారు వంగి ఒకటి తీయబోయారు.

"ముట్టకున్రి మేడం" అని గడ్డి మళ్లీ కప్పేశాను. "సార్‌ను లేపున్రి."

ఆయన విసుక్కుంటూ వచ్చారు. "పీకడానికి నేనెందుకయ్యా?"

"జర చెయ్యి లోపల పెట్టున్రి సార్."

స్టూలు మీద కూర్చుని గడ్డిలోకి చెయ్యి దూర్చారు. చెయ్యి ఆగిపోయింది. నా వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశారు. ఎండిన కాడలను చూశారు.

"ఇవి... ఎప్పుడు ఊరాయి?"

ఇప్పటికీ ఎవరైనా పసుపు ఆకు పట్టుకొస్తే మందు పేరు చెప్పను, ముందు మొక్క వయసెంతని అడుగుతాను.

ఆ రోజు ఆయన మమ్మల్నెవరినీ మడి మీద చెయ్యి వేయనివ్వలేదు. ఒంటిచేత్తోనే అన్నీ ఏరి, గంప నిండాక నాతో అన్నారు:

"వచ్చే ఏడు గడ్డి ఎక్కువ తెప్పించవయ్యా."