రబ్బరుతో తుడిచిన సందేహం

మొన్న మా కాలనీ వాట్సాప్ గుంపులో ఎవరో ఒక కషాయం గురించి పంపి, ఎన్నో పరిశోధనలు కలిపి తేల్చిన మాట ఇది అని కింద రాస్తే, అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను మాత్రం, ఆ ‘ఎన్నో’లో ఒకటే రెండుసార్లు పడలేదు కదా అనుకున్నాను. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక డాక్టరు మేడమ్ పెట్టిన భిక్ష.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గోపాలపట్నంలో బస్సెక్కి వెళ్ళి ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. చదువు ఇంటర్‌తో ఆగినా అంకెల మీద మోజు ఆగక, పాత పుస్తకాల కొట్లో కొన్న గణాంకశాస్త్రంతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాను. అది కనిపెట్టి మేడమ్ నన్ను తన పనిలో జత చేసుకున్నారు. ఒకే మందు మీద వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాలన్నీ వెతికి, కలిపి, ఇదీ ఫలితం అని చెప్పే సిస్టమాటిక్ రివ్యూలు ఆవిడ తెప్పించేవారు. నమ్మే ముందు వాటినే పరీక్షకు కూర్చోబెట్టేవారు. అన్నిచోట్లా వెతికారా, నచ్చనివి వదిలేశారా, ఒకే రోగుల్ని రెండుసార్లు లెక్కవేశారా అని ఒక ఫారం నిండా ప్రశ్నలు. ఆవిడ మేడ మీద, నేను కింద, విడివిడిగా చదివి నింపాలి. ఇద్దరమూ ముగించేదాకా ఆ ఊసెత్తకూడదు.

ఆ రోజుల్లోనే మా అక్క భర్త, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనిలో ముంజేయి కాల్చుకుని మా ఆసుపత్రిలోనే కాలిన గాయాల వార్డులో చేరాడు. కాలిన గాయాలకు ఒక కొత్త పూత మందు త్వరగా మాన్పుతుందని ఒక రివ్యూ వచ్చింది. అది మా పరీక్షకు నిలబడితే వార్డంతా పాత కట్టు మానేసి ఆ మందుకు మారాలని పెద్ద డాక్టరుగారి నిర్ణయం. కట్టు విప్పినప్పుడల్లా పళ్ళు కొరుక్కునే మా బావ, నేను కనబడితే చాలు, “ఏటి బామ్మర్దీ, ఇంకా సదువుతన్నావా? నువ్వు సదివేసరికి నా సెయ్యి దానంతటదే మానిపోద్దిలే!” అని ఎత్తిపొడిచేవాడు.

ఆ రివ్యూలో కలిపినవాటిలో రెండు అధ్యయనాలు నా కంట్లో నలుసుల్లా పడ్డాయి. రాసినవారి పేర్లు వేరు, పత్రికలు వేరు. రోగుల సంఖ్య, ఆడా మగా లెక్క, చివరికి మధ్యలో మానుకున్నవారి లెక్క కూడా అచ్చంగా ఒకటే. పెన్సిలుతో ‘అనుమానం’ అని రాసుకున్నాను. మర్నాడు ఏదో ఫైలివ్వడానికి మేడ మీదికి వెళితే, ఆవిడ ఫారం బల్ల మీద తెరిచే ఉంది, అదే ప్రశ్న దగ్గర ‘సరే’ అని టిక్కు. అంత చదువుకున్న మనిషికి కనబడనిది నాకు కనబడుతుందా అనుకున్నాను. బావ చెయ్యి కూడా గుర్తొచ్చిందనే చెప్పాలి. కిందికొచ్చి రబ్బరుతో తుడిచి ‘సరే’ అని రాసేశాను.

ఫారాలు పక్కపక్కన పెట్టిన రోజు మేడమ్ నా కాగితాన్ని కిటికీ వెలుగుకెత్తి, అరిగిన చోట వేలు పెట్టి, ముందేం రాశావని అడిగారు. తలొంచుకుని అంతా చెప్పాను. “నాతో ఒప్పుకోవడానికైతే నువ్వెందుకయ్యా? నేనొక్కదాన్నే చదువుకునేదాన్ని కదా!” అన్నారు. అంత కోపం ఆవిడ ముఖంలో మళ్ళీ చూడలేదు. ఆ వెంటనే రెండు వ్యాసాలూ ముందేసుకుని, నా పక్కనే కూర్చుని, వరసకు వరస సరిచూశారు. ఒకే రోగులు. ఒకదాన్ని తీసేసి నాచేత మళ్ళీ లెక్క కట్టిస్తే, కొత్త మందు గొప్ప కాస్తా తేలని సంగతిగా మిగిలింది.

వార్డు మారలేదు. ఆ పొరపాటు తాను గమనించలేదనీ, రికార్డుల గుమాస్తా పట్టుకున్నాడనీ మేడమ్ పెద్ద డాక్టరుగారికి తన చేత్తో రాసిచ్చారు. బావ మాత్రం, “నీ లెక్కలు తగలెయ్య, ఆ మందు రాకుండా సేసీసినావ్ కదరా!” అని నాలుగు రోజులు ముఖం తిప్పుకున్నాడు. పాత కట్టుతోనే చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. కొత్త మందైతే ఇంకా బాగా మానేదేమో, నాకిప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదని నేర్పిందీ ఆవిడే.

ఇప్పుడు ఏ సంగతైనా అరచేతిలోకి వచ్చి పడుతోంది, దానికి తలూపేవాళ్ళూ వెంటనే దొరుకుతున్నారు. నా వయసు పెరిగిన కొద్దీ నా మాటకు తలూపేవాళ్ళూ పెరిగారు. తనకు ఎదురు చెప్పలేదని నా మీద కోప్పడిన పెద్దవాళ్ళు మాత్రం నా జీవితంలో ఆవిడొక్కరే.