సూదక్క కాటాకు నేను చేసిన బేరం

సరిగ్గా తూచే కాటాను బేరమాడి కొని, పైన డబ్బులిచ్చి మరీ తప్పుగా తూచేలా చేయించినవాడు కర్నూలు మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ ఘనతలో ఇంకెవరికీ వాటా ఇవ్వను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కిరాణా అంగడి గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి, చెప్పిన ధరకు వస్తువు కొంటే ఆ పూట అన్నం సయించేది కాదు. (ఒకసారి బస్సు కండక్టరుతోనూ బేరం పెట్టాను. సగం దారిలో దింపేస్తే ఓర్వకల్లు దాకా ఎండలో నడిచాను. అయినా బుద్ధి రాలేదు.) ఆ రోజుల్లో నా మీద నాకున్న నమ్మకం తలుచుకుంటే, ఇప్పటికీ ఆ కుర్రాణ్ణి పట్టుకుని రెండు పీకాలనిపిస్తుంది.

మా అంగడి వెనక వీధిలో సూదక్క ఉండేది. నర్సు. మా పేటలో ఆమె సూది పొడవని మనిషి లేడు కాబట్టి ఆ పేరు. ఆమె భర్త బడిపంతులు. ఎప్పుడు చూసినా చొక్కా జేబు తెల్లగా ఉండేది కాబట్టి ఆయన సుద్దముక్క బావ. మిషన్ సేవ అంటే తెల్లదొరలు మన ఊరికి రావడమే అనుకునేవాళ్ళం. వీళ్ళిద్దరూ తిరగేశారు. ఆఫ్రికాలో ఏదో మారుమూల పల్లెలో ఒకే రేకుల కప్పు కింద ఒక వైపు ఆసుపత్రి, ఒక వైపు బడి నడపడానికి బయలుదేరారు. చర్చిలో వాళ్ళు తలా కొంచెం వేసుకుని సామాన్లకు డబ్బు పోగుచేశారు. కొనే పని నాకు అప్పగించారు.

"నీకంటే బేరగాడు యాడ దొరుకుతాడప్పా? అన్నిట్లోకీ కాటా ముఖ్యం, బిడ్డల్ని తూచేది. వయసుకు తగ్గ బరువు గీత కిందికి పోయిన బిడ్డకు ఆ పొద్దే పాలపొడి మొదలు పెట్టాల. గీతకు పైనుంటే ఇంటికి పంపిస్తాం. పాలపొడి అందరికీ సాలదు గదా. కాటా ఏం చెప్తే అదే మాకు," అంది సూదక్క.

ఇంత వివరంగా చెప్పింది. అందుకే ఇప్పటికీ నా మీద నాకు కోపం.

పెద్దాసుపత్రి దగ్గర వైద్య సామాన్ల అంగడికి నేను ఉత్త చేతులతో పోలేదు. మా అంగడి ఐదు కిలోల ఇనప రాయిని సంచిలో వేసుకుని పోయాను. కొత్త కాటా మీద పెడితే నాలుగు కిలోల ఆరువందలు చూపించింది. నాకు పండగైపోయింది! తప్పు దొరికిన వస్తువంత తీయని వస్తువు బేరగాడికి ఇంకోటి లేదు. కౌంటరు గుద్ది అరిచాను. అంగడాయన ఎర్రబడ్డాడు.

"కంపెనీ సీలుండాది సామీ, తప్పు రాదు."

"సీలు మీ కంపెనీది. రాయి మా నాయనది," అన్నాను, రొమ్ము విరుచుకుని.

గంటసేపు తిట్టుకున్నాం. చివరికి నన్ను వదిలించుకుంటే చాలని నాలుగువందలు తగ్గించాడు. అక్కడి నుంచి నేరుగా కాటాలు బాగుచేసే భాయ్ దగ్గరికి పోయాను. ఆయన నా రాయిని చేతిలో ఆడించి చూసి, "ఈ రాయే తేలిగ్గా ఉండాదప్పా. కాటా సరిగ్గానే ఉండాది, దాని జోలికి పోవద్దు," అన్నాడు.

నాకు తిక్క రేగింది. "మా నాయన నలభై ఏండ్లుగా వ్యాపారం చేస్తాండాడు. మాకు తూకం నేర్పిస్తావా భాయ్?"

ఆయన కాటాను తిరగేశాడు. అడుగున మరలు విప్పి, లోపలి మీట నొక్కి, మా రాయి పెట్టాడు. పసిబిడ్డలాంటిది ఆ యంత్రం. ఏది చూపించి ఐదు అంటే దాన్నే ఐదని నేర్చుకుంటుంది. మా నాయన రాయిని చూసి నేర్చుకుంది. ఆ పాఠంతోనే విమానం ఎక్కింది.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, అంగడి నిండా జనం ఉండగా వీడియో కాల్. అవతల సూదక్క. పలకరింపు లేదు.

"రేయ్, లీటరు నీళ్ళెంత తూగుతాయిరా?"

"కిలో అక్కా."

"నీ కాటాలో కిలో ఎనభై ఏడు గ్రాములంట. మా ఊరి నీళ్ళేమన్నా నెయ్యి తాగినాయా?"

నేను నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆపేశాను.

"బిడ్డ చెయ్యి పట్టుకుంటే పుల్ల, కాటా చూస్తే బాగుండాడంటాంది. నా చేతిని నమ్మకుండా నీ కాటాను నమ్మితి. పదకొండు మంది బిడ్డల్ని బాగుండారని ఇండ్లకు పంపించినానురా! నువ్వు తూచింది కందిబేడలు కాదు!"

ఫోను పెట్టేసింది. నేను ఐదు కిలోల రాయిని తిరగేశాను. అడుగున సీసం ఉండాల్సిన చోట లోతుగా తొలిచి, పైన మైనం పూసి, నల్లరంగు వేసి ఉంది. (నాకు ముందే తెలుసా అంటే, తెలియదు అంటే అబద్ధం, తెలుసంటే అదీ అబద్ధమే. ఏడో ఏటి నుంచి ఎత్తుతున్న రాయి. ఎప్పుడూ తిరగేసి చూడలేదు, అంతే. చూడకపోవడం కూడా మా ఇంట్లో ఒక విద్య.)

రాయిని గల్లాపెట్టె మీద దడాలున వేశాను. నాయన నాకంటే గట్టిగా అరిచాడు. "అంగడి రాయి అంగడిలో ఉండాల! దాన్ని ఆసుపత్రికి ఎవుడు మోసకపొమ్మన్యాడు నిన్ను?"

"అయితే ఈడ తక్కువ తూచొచ్చా?"

"ఈ రాయితోనే గదరా నువ్వు లావైంది!"

రాయిని ఎత్తి వీధి కాలువలో పడేశాను. నాయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. అంగడికొచ్చినవాళ్ళందరికీ "మావాడు ధర్మరాజు" అని మాత్రం చెప్పేవాడు.

భాయ్ దగ్గరికి తల వంచుకుని పోయాను. "ఆ పొద్దే చెప్తి గదప్పా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడే ఫోనులో సుద్దముక్క బావను పిలిపించి, ఖాళీ బిందె పెట్టి సున్నా చేయించి, బడిలో పిల్లలకు కొలతలు నేర్పే లీటరు సీసాతో ఐదు సార్లు నీళ్ళు పోయించి, కాటాకు మళ్ళీ మొదటి నుంచి పాఠం చెప్పించాడు. డబ్బులు తీసుకోలేదు. బావ ఆ వారం బడికి సెలవిచ్చి పెద్దపిల్లల్ని పల్లెలకు పరుగెత్తించాడు. ఒక్కో తల్లీ బిడ్డను చంకనేసుకుని తిరిగొచ్చింది. పది మంది వచ్చారు. పదకొండో బిడ్డ ఇంటివాళ్ళు కూలికి ఎటో వలసపోయారు. ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

మూడేళ్ళకు సెలవు మీద వచ్చినప్పుడు సూదక్క మా అంగడికి బియ్యానికి వచ్చింది. సంచిలోంచి లీటరు నీళ్ళ సీసా తీసి, నా మొహంలోకి చూస్తూ ముందు దాన్ని కాటా మీద పెట్టింది. సీసా బరువుతో కలిపి కిలో మీద కాస్త చూపించింది, సరిగ్గానే. "ఊఁ, ఇప్పుడు తూయి," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. పదకొండో బిడ్డ సంగతి అడుగుదామని నోరు తెరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు అంగడి నాది. నా కొడుకు నా కంటే మొండి బేరగాడు. వాణ్ణి చూస్తే ఆ ఇరవై రెండేళ్ళ వెధవ గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాసేపే. నిజాయితీగా లెక్క వేస్తే ఇంతే: కాటా మీద నేను తగ్గించింది నాలుగువందల రూపాయలు. మా రాయిలో లేనిది నాలుగువందల గ్రాములు. పంపించింది పదకొండు, తిరిగొచ్చింది పది. మిగిలిన ఆ ఒకటి నా పేరు మీదే ఉంది. దాన్ని తగ్గించమని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు.