గొర్రెపిల్ల మూడో రెప్ప

విజయరాణికి కోపం వస్తే అరవదు. చేతిలో ఉన్న పనిని ఇంకా గట్టిగా చేస్తుంది. ఆ ఉదయం కూలికి వెళ్లిన మామిడితోటలో ఆమె ఎండుకొమ్మలు నరుకుతున్న చప్పుడు పక్క తోట దాకా వినిపించింది.

ఇంట్లో వారం రోజుల గొర్రెపిల్ల ఒకటి ఎడమకన్ను తెరవడం లేదు. నీరు కారి కారి చెంప మీద బొచ్చు అట్టకట్టింది. రెప్ప విప్పి చూస్తే ముక్కు వైపు మూల నుంచి ఎర్రటి పొర ఒకటి లేచి సగం కన్ను కప్పేసి ఉంది.

"దుర్మాంసం పెరిగింది. సాయంత్రం వచ్చి కోసేస్తాను, ఉప్పూ పసుపూ నూరి ఉంచమ్మాయ్" అని పొద్దున్నే చెప్పి వెళ్లాడు బావగారు గురవయ్య.

ఆ చుట్టుపక్కల పశువుల కళ్లలో 'మాంసం' తీసేది ఆయనే. దారం ఎక్కించిన సూదితో పొరను గుచ్చి, బయటికి లాగి, బ్లేడుతో కోసి ఉప్పు కూరతాడు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న పని.

ఆరేళ్ల కిందట విజయరాణి గేదెకీ అలాగే కోశాడు. తల కదలకుండా పట్టుకున్నది ఆమే. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని దాని చెవిలో చెబుతూ పట్టుకుంది. కొన్నాళ్లకి ఆ కన్ను తడారిపోయి, తెల్లబడి, చూపు పోయింది. దిష్టి తగిలిందన్నాడు గురవయ్య. ఆమె నమ్మింది. ఇవాళ ఈ పిల్లకీ అదే కోత అనేసరికి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు.

మధ్యాహ్నానికి కత్తి చెట్టుకి ఆనించేసింది.

"గొర్రెపిల్ల కోసం పూట పని మానేస్తావా?" అన్నాడు మేస్త్రీ.

"మానేస్తాను" అంది.

ఇంటికి వెళ్లి, పిల్లని పాత చీరలో చుట్టుకుని, ఆటో ఎక్కి చాట్రాయి పశువుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరు దీప్తి చిన్న వయసు పిల్ల. గొర్రెపిల్ల కింద రెప్పని బొటనవేలితో మెల్లగా కిందికి లాగింది. లోపలికి మడతపడిన రెప్ప అంచు, దాంతోపాటు తడిసిన వెంట్రుకల వరసా బయటికొచ్చాయి.

"చూశారామ్మా? ఈ రెప్ప లోపలికి తిరిగిపోయింది. రెప్ప కొట్టినప్పుడల్లా వెంట్రుకలు కనుగుడ్డుని గీస్తున్నాయి. గొర్రెపిల్లల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఇలా ఉంటుంది."

"మరి ఆ ఎర్ర మాంసం?"

"మాంసమా? అది మూడో రెప్పండి. మనకి రెండే, పశువులకి లోపల ఇంకోటి ఉంటుంది. కన్ను నొప్పెడితే గుడ్డు లోపలికి పోతుంది, అప్పుడిది పైకొచ్చి కాపలా కాస్తుంది. దానికింద కన్నీరు ఊరే గ్రంథి కూడా ఉంటుంది."

"దాన్ని కోసేస్తే?"

"కన్ను తడారిపోయి పాడైపోవచ్చు. ఎవరైనా కోశారా ఏంటి?"

విజయరాణి పిల్లని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

దీప్తి మత్తు సూది వేసి, రెప్ప కింది చర్మాన్ని మడిచి రెండు కుట్లు వేసింది. రెప్ప బయటికి తిరిగింది. కంట్లో రాయడానికి మందు ఇచ్చింది.

సాయంత్రం గురవయ్య సూదీ బ్లేడూ పట్టుకొచ్చి కుట్లు చూశాడు.

"ఎవరు కుట్టారు? ఆ చిన్నపిల్లా? నా చెయ్యి అంత పనికిమాలిందైపోయిందా అమ్మాయ్?"

"ఇలా రండి బావగారూ."

ఆయన్ని గేదె గుడ్డికంటి వైపు నిలబెట్టింది. "దాని మీద చెయ్యి వెయ్యండి."

వేశాడు. గేదె అదిరిపడి గుంజ చుట్టూ తిరిగిపోయింది.

"ఆరేళ్లుగా ఇలాగే బెదురుతోంది. దిష్టి కాదు. కంటికి కాపలా ఉన్న రెప్పని మీరు కోశారు. నేను పట్టుకున్నాను."

"మా నాన్న కూడా ఇలాగే..."

"మావయ్యగారూ తప్పే చేశారు."

ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. గురవయ్య ముఖం నల్లబడింది. సూదికున్న దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"రేపు కాలవ అవతల దూడకి కొయ్యాలి. మాటిచ్చేశాను" అన్నాడు చివరికి.

"నేనూ వస్తాను."

"పట్టుకోడానికా?"

"కాదు. దూడని చాట్రాయి తోలుకెళ్లడానికి" అంది విజయరాణి. ఆయన చేతిలోని బ్లేడు తీసుకుని చూరులో దోపింది.