రెండు వానకాలాల దీవి

డెబ్బైల మధ్యలో నేను ఒమాన్‌లోని బహ్లా ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి నాకు తెలిసిన ఆఫ్రికా అంటే అడవి, సింహాలు. అంతే. మా రూమ్‌లో రెండో మంచం ఒక ఒమానీ నర్సుది. నాకంటే పెద్దావిడ. పుట్టిందీ పెరిగిందీ ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న జాంజిబార్ దీవిలో. ఆమె తాతలు ఒమాన్ నుంచి ఓడెక్కి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. అక్కడ ప్రభుత్వం కూలిపోయి అరబ్బులను తరిమేశాక, వీళ్ళు ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ తాతల దేశం చేరుకున్నారు. ఇంట్లో స్వాహిలీ మాట్లాడేది. అరబిక్‌కి తడుముకునేది. నాతో ఇంగ్లీషే.

మే నెల ఎండలకి మధ్యాహ్నం డ్యూటీ దిగి, కిటికీకి తడి దుప్పటి కట్టుకుని పడుకునేవాళ్ళం.

"మా దగ్గర ఈపాటికి పెద్ద వానలు, సిస్టర్. ఏడాదికి రెండు వానకాలాలు మాకు. డిసెంబరులో గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. ఆ గాలికే మీ దేశం ఓడలూ, ఇక్కడి ఓడలూ మా రేవుకొచ్చేవి" అనేది.

లవంగాలు కోసే రోజుల్లో దారి పొడుగునా చాపల మీద ఆరబోస్తారట. బట్టలూ జుట్టూ అంతా అదే వాసనట.

"కొబ్బరిచెట్లు ఉంటాయా?" అని అడిగాను.

"కొబ్బరిపాలు పొయ్యకుండా మా అమ్మ అన్నం వండగా నేను చూడలేదు."

"అయితే మా కోనసీమే!"

పనస, మామిడి, కర్రపెండలం... ఒక్కోటీ పోల్చుకుంటూ నవ్వుకున్నాం. అక్కడి ఆడవాళ్ళు కట్టుకునే గుడ్డ అంచున ఏదో ఒక మాట అచ్చేసి ఉంటుందట. పొరుగావిడ మీద కోపం వస్తే నోరు పారేసుకోనక్కర్లేదు, తగిన మాట ఉన్న గుడ్డ చుట్టుకుని ఆవిడ గుమ్మం ముందు నుంచి నడిస్తే చాలు.

ఒకరోజు కాన్పుగదిలో ఒక ముసలావిడ తన కోడలి మీద నుంచి ఈమె చెయ్యి తోసేసింది.

"ఈ ఆఫ్రికా మనిషి వద్దు. ఆ ఇండియా అమ్మాయిని పిలవండి."

ఆమె నన్ను పిలిచి, తను బయటికి వెళ్ళిపోయింది. కాన్పు తేలిగ్గానే అయింది. రూమ్‌కి వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కడేమో మీరు అరబ్బులు, పొండి అన్నారు. ఇక్కడ ఆఫ్రికా మనిషి అంటున్నారు" అంది. నేను పక్కన కూర్చున్నాను.

ఒమాన్ దక్షిణాన సలాలాలో ఎండాకాలమే వాన పడుతుందని ఆమె ఎవరి దగ్గరో విన్నది. అప్పట్లో అక్కడ జరుగుతున్న తిరుగుబాటు యుద్ధం ఆగగానే బదిలీ అడిగి వెళ్ళిపోయింది. మరుసటేడు సెలవు పెట్టి చూడ్డానికెళ్ళాను. కొండలన్నీ పచ్చగా, పొగమంచులో సగం మునిగి ఉన్నాయి. గొడుగు లేకుండా తుంపరలో ఎదురొచ్చింది.

"మీ ఊరిలా ఉందా సిస్టర్?" అని అడిగాను.

"లేదు. ఈ వానకి చప్పుడే లేదు. మా వాన రేకుల మీద పడితే పక్కమనిషి మాట వినపడదు. అయినా బాగుంది. ఇక ఎక్కడికీ పోను" అంది.

అన్నట్టే అక్కడే పెళ్ళి చేసుకుంది. నేను ఇండియా వచ్చేసేనాటికి ఇద్దరు పిల్లల తల్లి.