దండ వేసిన కారు

సినిమా హీరోకు అభిమానులుంటారు, క్రికెట్ ఆటగాడికి ఉంటారు, కార్ల కంపెనీకి అభిమాని ఏంటమ్మా అని మా బ్యాంకులో అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ. ఇరవై ఏళ్లకు పైగా నేను ఒకే కంపెనీ కార్లు నడిపాను. మొదటిది లోను మీద కొన్నప్పుడు పద్మారావు నగర్‌లో మా వీధిలో కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. అది పాతబడ్డాక రెండోది, దాని తర్వాత ఎర్ర రంగుది మూడోది. మూడూ చిన్న బండ్లే, మూడూ గట్టివే. తలుపు వేస్తే ఇనప బీరువా మూసినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడుకే నేను పడిపోయాను. ఆదివారం పొద్దున్నే కారు కడుగుతుంటే మా ఆయన బాల్కనీలోంచి, మొగుడికి చాయ్ లేదు గానీ బండికి తలస్నానం షురూ అయిందని ఎద్దేవా చేసేవాడు. షోరూంకు ఆయన పెట్టిన పేరు నా పుట్టిల్లు. అక్కడి నుంచి ఫోన్ వస్తే, "ఇదిగో, మీ పుట్టింటోళ్లు" అని చేతికిచ్చేవాడు.

మా చుట్టాల్లో, వీధిలో ఎవరు కారు కొనాలన్నా నన్ను అడిగేవాళ్లు. నేను నిజంగానే తెలిసి చెప్పేదాన్ని. అట్లా చెప్పి మా తమ్ముడి చేత కూడా కొనిపించాను. వాడికి రెజిమెంటల్ బజార్‌లో స్కూలు యూనిఫాంల దుకాణం ఉంది. బట్టల మూటలు స్కూళ్లకు చేరవేయడానికి బండి కావాలన్నాడు. మా మరదలు వేరే కంపెనీది కొందామంది. దాని పార్టులు ఏ సందులో అడిగినా దొరుకుతాయని, మా కంపెనీ బండ్లు ఊళ్లో తక్కువని ఆమె వాదన. ఆమె చెప్పింది సబబే. కానీ నేను గొంతు పెంచి, నా మాట మీద నమ్మకం ఉంటే కొను, లేకుంటే నన్ను అడగకు అన్నాను. అక్క మాట కాదనలేక వాడు నా బండిలాంటిదే తెల్లది కొన్నాడు. అప్పటి నుంచి మరదలు నాతో మాట్లాడటం జెర తగ్గించింది.

ఆ తర్వాతే కంపెనీకి చెడ్డకాలం మొదలైంది. అమ్మకాలు పడిపోతున్నాయని, ఎక్కడి నుంచో కొత్త పెద్దసారును తెచ్చి పైన కూర్చోబెట్టారు. ఆయన వచ్చీ రాగానే చేసిన ఘనకార్యం ఏమిటంటే, బండి ముందుండే గుర్తు మార్చడం. ఉన్న గుర్తులోని గుండ్రాన్ని తీసేసి సన్నగా ఒక గీత గీశారు. దానికి పేపర్లో రెండు పేజీల ప్రకటన. బండ్లు అమ్ముడుపోక యార్డుల్లో ఎండకు ఎండుతుంటే గీత మారిస్తే జనం ఎగబడతారా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని ఊరికే అన్నారా పెద్దలు.

ఆ తర్వాత స్టెప్నీ తీసేశారు. నిజంగానే తీసేశారు. డిక్కీలో ఐదో చక్రం ఉండాల్సిన చోట దోమల మందు డబ్బా లాంటిది ఒకటి పెట్టి, పంక్చరైతే అది కొట్టుకోండి అన్నారు. మన రోడ్ల మీద! వాన పడితే గుంత ఎక్కడుందో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో దేవుడికి కూడా తెలియని ఊళ్లో! ఏసీ తిప్పే మీటలు పోయి ఫోన్ లాంటి అద్దం వచ్చింది. చల్లగాలి కావాలంటే రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పి వేలితో నాలుగుచోట్ల నొక్కాలి. ఇవన్నీ ఎవడు అడిగాడు? ఏసీ గదిలో కూర్చుని, ఏ రోజూ సొంతంగా బండి నడపనివాడికే ఇట్లాంటి తెలివి పుడుతుంది. చివరికి, మమ్మల్ని ఇన్నేళ్లు మోసిన ఆ చిన్న బండినే ఆపేశారు. ఇక మీదట అన్నీ పెద్ద బండ్లేనట. సికింద్రాబాద్‌లో మాకు దగ్గరగా ఉన్న వర్క్‌షాపు మూసేసి, షోరూంలో మాత్రం సోఫాలు వేసి కాఫీ మిషను పెట్టారు. బండి బాగుచేసేవాడు లేడు గానీ కాఫీ ఫ్రీ.

ఇంత జరుగుతున్నా బయట ఎవరైనా మా కంపెనీని ఒక మాట అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. లోపల తిట్టుకునేదాన్ని, ఈ-మెయిళ్లు రాసేదాన్ని, మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబు వస్తే పళ్లు కొరుక్కునేదాన్ని. బయట మాత్రం, అన్నీ సర్దుకుంటాయి చూడండి అనేదాన్ని. అయినవాళ్లు కదా, వాళ్ల పరువు మన పరువే అనుకునే పిచ్చి.

అట్లా ఉండగా చలికాలం చివర్లో తమ్ముడి బండి ప్యాట్నీ సిగ్నల్ దగ్గర మలుపు తిరుగుతూ మొరాయించింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. వాడు బలమంతా పెట్టి తిప్పి, డివైడర్‌కు జానెడు దూరంలో ఆపాడు. స్టీరింగ్‌ను తేలిక చేసే చిన్న మోటారు ఒకటి ఉంటుంది, అది పోయింది. మార్చాలి, అంతే. షోరూం వాళ్లు కంప్యూటర్‌లో చూసి, ఆ మోడల్ ఆగిపోయింది కాబట్టి ఆ మోటారు రావడం లేదు, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. పాత సామాన్ల బజారంతా గాలించాం. ఆ బండ్లే తక్కువ, ఉన్నవాళ్లు వదులుకోరు. ఇక తుక్కులోకి ఎట్లా వస్తాయి? ఎండాకాలం సగం గడిచినా తెల్ల బండి దుకాణం వెనక సందులో దుమ్ము కొట్టుకుపోతూనే ఉంది. జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు రెండు వారాలే మా తమ్ముడికి ఏడాదంతటి సంపాదన. ఆ రెండు వారాల్లో సరుకు వేళకు చేరకపోతే స్కూళ్లవాళ్లు వచ్చే ఏడు ఇంకో దుకాణానికి పోతారు.

సరిగ్గా అప్పుడు నా పుట్టింటివాళ్లు ఫోన్ చేశారు. కంపెనీ పెద్దసారు స్వయంగా హైదరాబాద్ వస్తున్నారట. కొత్త పెద్ద బండిని హోటల్లో విడుదల చేస్తారట. మూడు బండ్లు కొన్న అభిమానిని కాబట్టి నాకు సన్మానం చేస్తారట. నా ఎర్ర బండి కూడా తెమ్మన్నారు, ద్వారం దగ్గర నిలబెడతామని. ముందు వెళ్దామనుకోలేదు. తమ్ముడే అన్నాడు.

"అక్కా, పో. పెద్దాయన ముంగటనే ఉంటడు కదా, జెర అడుగు. కిందోళ్లతోని ఏం కాదు."

వాడిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. ద్వారం దగ్గర నా బండికి తళతళా మెరుపు పెట్టి, ముందు అద్దం మీదుగా ఇంత లావు బంతిపూల దండ వేశారు. దాని పక్కన నిలబడి జనం ఫొటోలు దిగుతున్నారు. చూడగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. మన ఇళ్లలో అట్లా దండ ఎవరి ఫొటోకు వేస్తామో చెప్పక్కర్లేదు. ఆ బండి నన్ను ఆ రోజు కూడా అక్కడిదాకా తెచ్చింది.

లోపల పొగ, లైట్లు, డ్యాన్సులు. నల్ల గుడ్డ లాగితే లారీ అంత బండి బయటపడింది. పెద్దసారు నమస్కారం అని ఒక్క తెలుగు ముక్క పలికి, మిగతాదంతా ఇంగ్లీషులో కల గురించి, ప్రయాణం గురించి మాట్లాడాడు. అమ్మకాలు ఎందుకు పడిపోయాయో చెప్పలేదు. తర్వాత నన్ను పిలిచి శాలువా కప్పారు, చేతిలో గాజు బొమ్మ పెట్టారు. సన్మానం పొందినవాళ్లు రెండు ముక్కలు మాట్లాడాలి కదా, మైకు ఇచ్చారు. కంపెనీ నా జీవితాన్ని ఎట్లా మార్చిందో చెప్పమని, కార్యక్రమం నడుపుతున్న షోరూం అమ్మాయి ముందే నేర్పింది. శాలువా కప్పించుకున్న నోటితో తిట్టడం మన దగ్గర పద్ధతి కాదని నాకూ తెలుసు. అందుకేనేమో మనవాళ్లు నోళ్లు మూయించాలనుకున్న ప్రతివాడికీ ఒక శాలువా కప్పుతారు. ముందు వరసలో తమ్ముడు చేతులు కట్టుకుని నావైపే చూస్తున్నాడు. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు రాసినదాన్ని, అప్పుడు మాత్రం నా నోటికి నా భాషే వచ్చింది.

"మా తమ్ముని బండి చలికాలం సంది నిలబడ్డది. ఒక్క మోటారు లేక. మీరు గుర్తులు మార్చిన్రు, గీతలు మార్చిన్రు, ఆ మోటారు మాత్రం బంద్ పెట్టిన్రు. నాకు శాలువా వద్దు. మోటారియ్యిన్రి."

హాలులో చప్పట్లు వినిపించాయి. కొట్టింది ఎవరనుకున్నారు, పెద్దసారే! ఒక్క ముక్క అర్థం కాక, నవ్వు మొహంతో, లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆయన కొట్టాడని మిగతావాళ్లూ కొట్టారు. అమ్మాయి నా చేతిలోంచి మైకు తీసుకుని, మేడమ్ చాలా ఎమోషనల్ అయ్యారని ఇంగ్లీషులో చెప్పేసింది. పాటలు మొదలయ్యాయి. మా తమ్ముడు తల వంచుకున్నాడు.

సరే, నీకు అర్థమయ్యే భాషలోనే చెప్తానని భోజనాల దగ్గర పెద్దసారును పట్టుకున్నాను. మోటారు సంగతంతా ఇంగ్లీషులో వివరంగా చెప్పాను. ఆయన పక్కనున్నవాడిని ఏదో అడిగాడు, వాడు చెవిలో ఏదో చెప్పాడు. అప్పుడు పెద్దసారు మహా ఉదారంగా, మేడమ్ మీ ఎర్ర బండి ఎంత అందంగా ఉంది, దాన్ని మా హెడ్డాఫీసు అద్దాల గదిలో పెట్టుకుంటాం, బదులుగా కొత్త బండి మీద మీకు మంచి తగ్గింపు ఇస్తాం అన్నాడు. మరి మోటారో అన్నాను. వెనక్కి చూస్తూ బండి నడపలేం కదా అన్నాడు. వెనక అద్దం చూడనివాడికి లైసెన్సే ఇవ్వరు సార్ అన్నాను. పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడని చుట్టూ ఉన్న టై కట్టినవాళ్లంతా నవ్వారు.

ఆ నవ్వు వింటుంటే నాకు రోత పుట్టింది. తినే ప్లేటు అక్కడే పెట్టేశాను. రోడ్డు మీద తిరుగుతున్న బండికి చిన్న ముక్క చేసివ్వరట గానీ, అదే బండిని తెచ్చి అద్దాల గదిలో పెట్టి పూజిస్తారట. ఆ బండిని చేసినవాళ్లు ఎవరో మంచివాళ్లే. ఇప్పుడు దాని పేరు చెప్పుకుని కోటేసుకుని తిరుగుతున్నవాళ్లు మాత్రం ఛీ, వీళ్ల కోసమా నేను ఇరవై ఏళ్లు ఊరందరితో పోట్లాడింది! శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, బయటికొచ్చి బండి మీద దండ పీకి అవతల పారేశాను.

తిరిగి వస్తుంటే తమ్ముడు, నువ్వేం పరేషాన్ కాకు, దాన్ని తుక్కుల అమ్మేస్తా, సీజన్‌కు కిరాయి ట్రాలీ ఆటోలు పెట్టుకుంటా అన్నాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

మర్నాడు నేనే వాళ్ల దుకాణం వెనక సందుకు నా బండి తోలుకెళ్లి మెకానిక్‌ను పిలిపించాను. ఎర్ర బండిలోని మోటారు తీసి తెల్లదానికి పెట్టమన్నాను. మెకానిక్ నమ్మక, నిజంగానా మేడమ్ అని మళ్లీ మళ్లీ అడిగాడు. తమ్ముడు దుకాణంలోంచి ఉరికొచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు.

"నీకేమన్న పిచ్చా అక్కా? నువ్వెట్ల తిరుగుతవ్?"

"ఆటోల తిరుగుత. నా మాట మీద కొన్నవ్ కదరా. ఇది సుత నా మాటే, విను."

నేను పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. డాష్‌బోర్డు కింద వైర్లన్నీ బయటికి లాగుతుంటే చూడలేక మధ్యలో లేచి చాయ్‌కు పోయాను. సాయంత్రానికి తెల్ల బండి లేచింది. తమ్ముడు ఒక చేత్తో స్టీరింగ్ తిప్పి చూసుకుని, మూటలు వేసుకుని అట్నుంచి అటే మల్కాజిగిరిలోని స్కూలుకు పోయాడు. చెడిపోయిన మోటారును నా బండికి బిగించారు. నలుగురు పడితే గానీ స్టీరింగ్ తిరిగేలా లేదు. బండిని ఆ సందులోనే ఒక మూలకు తోయించి కవరు కప్పాను. ఆ రాత్రి మా ఆయన వేళాకోళమేమీ ఆడకుండా అన్నం వడ్డించాడు.

వారం తిరక్కుండా షోరూం అమ్మాయి ఫోన్ చేసింది. అద్దాల గది కోసం లారీ పంపుతున్నారట, బండి రన్నింగ్ కండిషన్‌లోనే ఉంది కదా మేడమ్ అని అడిగింది. మీ కంపెనీలో రన్నింగ్ కండిషన్‌లో ఉన్నది ఏముంది తల్లీ అని పెట్టేశాను.

జూన్‌లో తమ్ముడు ఏ స్కూలూ పోగొట్టుకోలేదు. సీజన్ అయిపోయాక ఒక ఆదివారం మరదలు మటన్ వండి మమ్మల్ని భోజనానికి పిలిచింది. చాలా ఏళ్ల తర్వాత నా పక్కన కూర్చుని, తన చేత్తో కొసరి కొసరి వడ్డించింది. వాళ్ల చెల్లెలు, ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటుంది, కారు కొనాలనుకుంటోందట. ఏది కొనాలని అడిగితే, మా వదిననే అడుగుతా అన్నదట మరదలు.

"మీ కంపెనీదే తీసుకొమ్మని చెప్దామనుకుంటున్న వదినా. మీరు ఊకెనే ఏదీ చెప్పరు. పెద్ద బండికి తగ్గింపు సుత ఉన్నదట. ఏమంటరు?"

ఎన్నేళ్లుగానో ఆమె నోట ఆ మాట వినాలని ఎదురు చూశాను. తమ్ముడు తినడం ఆపి నన్ను చూశాడు. కాసిని నీళ్లు తాగాను.

"బండి మంచిగనే ఉంటది," అన్నాను. "కొనొద్దని చెప్పు."